సున్నా వరుసలు

పొద్దుగాల తొమ్మిదింపావు.
మడికొండ గుట్ట కాడి ఆఫీసుల
ఏసీ ఇంకా వేడిగాలే ఊదుతుంటది.
బ్యాగు దించకముందే నేనడిగే మొదటి ప్రశ్న
మనిషిని కాదు, టేబుల్‌ను.

ఏ పని ఏడిదాక వచ్చింది?
కోడు రాసుడు అయినయి ఎన్ని, టెస్టింగుకు దిగినయి ఎన్ని,
పద్నాలుగు దినాలసంది కదలనియి ఏవి?
పాతయి పైకి, కొత్తయి కిందికి.

ఎంటర్ కొడ్త.
వరుసలు దిగుతయి,
ఎనుమాముల గేటుకాడ టోకెన్ పట్టుకొని
తెల్లారెదాక నిలవడ్డ మిర్చి బండ్ల తీరు.
ఒక్కోదానికి ఒక నంబరు, ఒక పేరు, ఒక తేదీ.
4417. మొగిలి. టెస్టింగ్.
నలభై ఒక్క రోజులు.

నలభై ఒక్క రోజులకు
మాల తీసి ఇంటికొస్తరు మనుషులు.
మొగిలిని అడిగితె
"ఔటర్ల ఆగిందక్కా" అంటడు.
కాజీపేటల పుట్టినదానికి విడమర్చి చెప్పాల్నా?
స్టేషన్ లైట్లు కనవడ్తనే ఉంటయి,
దిగి నడుద్దామంటే కంకర,
కూసుందామంటే ఓపిక లేదు.

సదానందం సారుకు శుక్రారం సున్నా కావాలె.
పద్నాలుగు దాటినయి ఒక్కటి గూడ ఉండొద్దు.
అందరికి తెలిసిన ఉపాయమే:
పనిని తెరిచి, కామెంట్ల ఒక చుక్క పెట్టి
సేవ్ కొడితె చాలు,
అది ఇయ్యాలనే పుట్టినట్టు.
గురువారం రాత్రి ఎన్ని చుక్కలు పెట్టిండ్రో,
చుక్కల ముగ్గేసినా అన్ని పట్టయి.

శుక్రారం క్వెరీ నడిపిన.
సున్నా వరుసలు.
సారు మిర్చి బజ్జీలు తెప్పిచ్చిండు,
పేపర్ నూనెకు అద్దమైంది.
నేనొక్కటి కొరికి మళ్ళ సీటుకు పోయిన.

క్వెరీ అబద్ధం చెప్పదు.
అడిగినదానికే జవాబిస్తది,
సాక్షి బోనుల నిలవెట్టినోని లెక్క.
రాసింది నేనే గద, రెండేండ్ల కింద:
సారుతోని మొదలువెట్టి మా తొమ్మిది మంది పేర్లు,
వీళ్ళల్ల ఎవలికో ఒకలికి సమానమైనయే తియ్యమని.
ఖాళీ దేనితోని సమానం కాదు.
ఖాళీతోని గూడ కాదు.

ఆ ఒక్క లైను కొట్టేసిన.

అరవై మూడు.
ఎవ్వలి పేరు లేనియి,
ఎవ్వలూ చుక్క గూడ పెట్టనియి.
అండ్ల అన్నిటికన్న పైన 212.
దశ: కొత్తది.
నిరుడు మార్చిల, ఓదెలు అనే కాంట గుమస్తా రాసింది:
"చీటి మీద బరువు అంకెలు ఎండకు ఎలిసిపోతున్నవి.
రైతు మూడవ రోజు వచ్చి చూపిస్తే తెల్ల కాగితమే ఉంటున్నది.
దయచేసి చూడగలరు."

చూడగలరు.
నాకు పొరపోయింది. బజ్జీ కారం అనుకున్నరు.

నా పేరు పెట్టిన. సేవ్ కొట్టిన.
కొట్టినంక గాని తట్టలే,
తేదీ మారె.
దాని ఏడాది వయసు నా చేతులనే పోయింది,
ఇంక పద్నాలుగు రోజులు దాన్ని ఎవ్వలు అడుగరు.
నోటుబుక్కుల పాత తేదీ రాసి
చుట్టు గీత గీసుకున్న.

కింద ఫోన్ నంబరుంటె చేసిన.
వెనుకనుంచి వేలం పాట, తుమ్ములు, ఎవలో తిట్టుడు.
"ఏ చీటమ్మా?" అన్నడు ఓదెలు.
చదివి వినిపిచ్చిన.
"ఓ, గదా!
గిప్పుడేం తిప్పల లేదు.
మీ మిషన్ కొట్టంగనే
గా అంకెల మీదనే బాల్‌పెన్నుతోని దిద్ది ఇస్తున్నం.
దినాం నాలుగైదు వందల చీట్లు.
ఏలు ఇంత కాయగాసింది, అంతే."

ఫోన్ పెట్టేసిన.
దశ అన్న గడిని నొక్కితె
ఆరు మాటలు కిందికి జారినయి:
కొత్తది, రాస్తున్నది, చూస్తున్నది,
టెస్టింగ్, విడుదల, ముగిసింది.

కర్సర్ వాటి మీద ఎక్కుతది, దిగుతది.
అవుతల సారు చెయ్యి తుడుసుకుంట
సున్నాను ఫోటో తీసుకుంటుండు.